పెరటిలో ఊదా, నీలం బంగాళాదుంపలు: ఏ రకం ఎవరికి నప్పుతుంది

విత్తన దుంపల కేటలాగు తెరిస్తే ఊదా, నీలం బంగాళాదుంపల పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఫొటోల్లో అన్నీ ఒకే తీరుగా నిగనిగలాడుతుంటాయి, వాటి కింద రాసిన వర్ణనలు కూడా దాదాపు ఒకే మూసలో ఉంటాయి. నేలలో నాటిన తర్వాత మాత్రం దేని దారి దానిదే. ఒకటి మూడు నెలల లోపే చేతికి వస్తే, మరొకటి నాలుగు నెలలైనా ఇంకా ఊరుతూనే ఉంటుంది; ఒకదాన్ని కోస్తే లోపలంతా సిరా రంగులో ఉంటుంది, మరొకటి తోలు తీయగానే మామూలు తెల్ల దుంపే. అందువల్ల రకాన్ని ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. మీకు రంగు తోలు మీద ఉంటే చాలా, లోపలి కండలో కూడా ఉండాలా? మీ ఊరిలో దుంప ఊరడానికి తగిన చల్లని రోజులు ఎన్ని ఉంటాయి? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు, కానీ పంట చేతికి వస్తుందా రాదా అన్నది తేల్చేది రెండవ ప్రశ్న. ఈ రకాలలో ఎక్కువ భాగం విత్తనంగా దొరికేది అమెరికాలో కాబట్టి, అక్కడ ఇల్లు కట్టుకుని పెరటి తోట వేసుకుంటున్న తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ముందు రాస్తున్నాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఏది సాధ్యమో ఆ తర్వాత చెబుతాను.

రంగు ఎక్కడ ఉంది

ఊదా అని అమ్మినా, నీలం అని అమ్మినా ఈ దుంపలకు రంగునిచ్చేది ఆంథోసయనిన్లే. నేరేడు పండుకూ, వంకాయ తోలుకూ రంగునిచ్చే పదార్థాల కుటుంబమే ఇది. కాబట్టి పేరులో బ్లూ ఉందా, పర్పుల్ ఉందా అన్నదాన్ని బట్టి దుంప రంగును ఊహించుకోవడం వల్ల ఉపయోగం లేదు. చూడవలసింది కండ.

పర్పుల్ వైకింగ్, కరీబ్ రకాలలో రంగు తోలు మీద మాత్రమే ఉంటుంది, లోపల మంచి తెలుపు. హకిల్‌బెరీ గోల్డ్ తోలు ఊదా, కండ పసుపు. ఆల్ బ్లూ, అడిరాండక్ బ్లూ, పర్పుల్ మెజెస్టీ, మ్యాజిక్ మోలీ, పర్పుల్ పెరూవియన్ రకాలలో కండ కూడా రంగుదే. వీటిలోనూ గాఢత ఒకే తీరుగా ఉండదు. ఆల్ బ్లూ దుంపను అడ్డంగా కోసి చూస్తే తోలుకు కాస్త లోపలగా సన్నని తెల్లని వలయం ఒకటి చుట్టూ తిరిగి ఉంటుంది, దాని లోపల ఊదా రంగు కొన్ని చోట్ల చిక్కగా, కొన్ని చోట్ల పలచగా మేఘాల్లా పరుచుకుని ఉంటుంది. పర్పుల్ మెజెస్టీని కోస్తే తోలు నుంచి నడిమి వరకు రంగు చాలావరకు సమంగా, చిక్కగా ఉంటుంది. పలచగా తరిగి చిప్స్ వేయించేటప్పుడు ఈ తేడా స్పష్టంగా బయటపడుతుంది.

మీ ఇంట్లో దుంపను తోలు తీసి కూర వండే అలవాటే ఉంటే, తోలు మీద మాత్రమే రంగున్న రకానికి ఎక్కువ ధర పెట్టడంలో అర్థం లేదని అనిపించవచ్చు. అయితే ఆ రకాలకు వేరే గుణం ఉంది. అవి త్వరగా పంటకు వస్తాయి, దుంప పెద్దది, కూరలో మనకు అలవాటైన రుచే ఇస్తాయి. వేడి ప్రాంతాలలో ఈ గుణమే పంటను కాపాడుతుంది.

చల్లని రోజుల లెక్క

బంగాళాదుంప మొక్క ఎండను కోరుతుంది, కానీ దుంప ఊరడానికి చల్లని రాత్రులు కావాలి. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య, అంటే ఫారెన్‌హీట్‌లో సుమారు 60 నుంచి 68 మధ్య ఉన్నప్పుడు దుంపలు బాగా కడతాయి. నేల వేడెక్కే కొద్దీ ఆ పని మందగిస్తుంది. 30 డిగ్రీల సెల్సియస్‌కు చేరువైతే దాదాపు ఆగిపోతుంది. అప్పుడు కూడా పైన ఆకు పచ్చగానే ఉంటుంది కాబట్టి పంట సాగుతోందనే మనం అనుకుంటాము.

ఈ లెక్కను ఊరూరికీ వేసి చూడాలి. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి చోట్ల ఫిబ్రవరి నడుమ నాటి, జూన్ మొదటి వారాల లోపే తవ్వుకోవాలి, ఎందుకంటే మే రెండవ సగం నుంచే వేడి మొదలవుతుంది. అక్కడ ఆలస్యంగా పండే రకం వేస్తే మొక్క ఏపుగా పెరిగి, దుంప గోళీ కాయంత దగ్గరే ఆగిపోతుంది. న్యూజెర్సీలో మార్చి చివర నుంచి ఏప్రిల్ వరకు, షికాగోలో ఏప్రిల్ నడుమ నుంచి నాటవచ్చు. ఈ రెండు చోట్లా మధ్యస్థ కాలపు రకాలు హాయిగా పండుతాయి. సియాటిల్ వైపు వేసవి చల్లగా, పొడవుగా ఉంటుంది కాబట్టి ఆలస్యపు రకాలు అక్కడ నిండుగా ఊరుతాయి, కానీ తేమ వల్ల లేట్ బ్లైట్ అనే ఆకుమాడు తెగులు భయం కూడా అక్కడే ఎక్కువ.

ఎక్కడైనా నేల ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు వచ్చిన తర్వాతే నాటడం మంచిది. అంతకంటే చల్లని తడి నేలలో కోసి నాటిన ముక్క మొలకెత్తే లోపే కుళ్లుతుంది.

రకాలు ఒక్కొక్కటిగా

మొదటిసారి వేసేవారికి నేను పర్పుల్ మెజెస్టీ వైపే మొగ్గు చూపుతాను. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం పెంపకంలో తయారైన ఈ రకానికి ఆల్ బ్లూ ఒక వైపు పూర్వీకురాలు. పాత రకంలోని రంగును మరింత గాఢం చేసి, కాపు కాలాన్ని తగ్గించారు. దుంప కోలగా, నున్నగా ఉంటుంది, కళ్లు, అంటే మొలక వచ్చే గుంటలు, లోతుగా ఉండవు కాబట్టి తోలు తీయడం తేలిక. కండ గట్టిది, వేపుడులో ముక్క విడివిడిగా నిలుస్తుంది, చిప్స్‌కు చక్కగా పనికివస్తుంది. మెత్తగా మెదిపి చేసే వంటకాలకు మాత్రం ఇది అంత అనువైనది కాదు.

అడిరాండక్ బ్లూ కార్నెల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ప్లెయిస్టెడ్, కెన్ ప్యాడక్, వాల్టర్ డి జాంగ్ రూపొందించి 2003లో విడుదల చేసిన రకం. న్యూయార్క్ రాష్ట్రపు వాతావరణంలో పుట్టింది కాబట్టి న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్ వైపు ఉన్నవారు దీన్ని ధీమాగా ఎంచుకోవచ్చు. ఇది మధ్యస్థ కాలపు రకం, కాపు కూడా బాగుంటుంది. లోపం చెప్పుకోవాలంటే నిలవలోనే ఉంది. సిల్వర్ స్కర్ఫ్ అనే తెగులుకు ఇది లొంగుతుంది, దానివల్ల కొన్ని వారాలకు తోలు మీద బూడిద పూసినట్లు మచ్చలు వచ్చి మెరుపు పోతుంది. తినడానికి అడ్డు లేదు గానీ, చలికాలమంతా దాచుకోవాలనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆల్ బ్లూ పాతకాలపు రకం, చాలా చోట్ల దొరుకుతుంది, విత్తనం ధర కూడా సాధారణంగా తక్కువే. అయితే ఇది 90 నుంచి 110 రోజులు తీసుకుంటుంది. వేసవి తొందరగా వచ్చే టెక్సాస్‌లో, జార్జియాలో దీన్ని నేను సిఫారసు చేయను. షికాగో, మిషిగన్, న్యూయార్క్‌లలో నిశ్చింతగా వేసుకోవచ్చు. కండ కాస్త పిండిగా ఉండటం వల్ల ఉడికించి మెదిపితే నున్నగా వస్తుంది. బొండాలలోకి, పరాఠాలలోకి ఇదే బాగుంటుంది.

పర్పుల్ వైకింగ్ వేడి ప్రాంతాలవారికి నేను మొదట చెప్పే పేరు. ఊదా తోలు మీద గులాబీ రంగు చిమ్మినట్లు చారలు ఉంటాయి. కడిగి గిన్నెలో పోస్తే కన్ను తిప్పుకోలేము. లోపల తెలుపే. త్వరగా కాపుకు వస్తుంది, నిలవ ఉంటుంది. దుంప మరీ పెద్దదై నడిమిలో గుల్ల పడే స్వభావం ఉంది కాబట్టి దీన్ని దగ్గర దగ్గరగా, 20 సెంటీమీటర్ల ఎడంతో నాటితే దుంపలు మధ్యస్థంగా, గట్టిగా వస్తాయి. కెనడా నుంచి వచ్చిన కరీబ్ ఇంకా తొందరగా పండుతుంది, కానీ ఎక్కువ కాలం నిలవ ఉండదు. తవ్విన వెంటనే వండుకునేవారికి సరిపోతుంది.

మ్యాజిక్ మోలీని అలాస్కాలోని పామర్‌లో బిల్ క్యాంప్‌బెల్ అనే పెంపకందారు రూపొందించారు. వేలి ఆకారంలో పొడవుగా ఉండే ఈ దుంప రంగు అన్నిటికంటే ముదురు, ఉడకబెట్టినా తేలికగా వెలవెలబోదు. నీళ్లలో ఉడికిన తర్వాత కూడా రంగు కనిపించాలనుకునేవారికి ఇది మంచి ఎంపిక, కానీ ఆలస్యపు రకం కాబట్టి సియాటిల్, మినెసోటా వంటి చల్లని చోట్లకే పరిమితం చేసుకోవాలి.

పర్పుల్ పెరూవియన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని పేరు, దాని వెనుక ఉన్న ఆండీస్ చరిత్ర చాలామందిని ఆకర్షిస్తాయి. పెరూ, బొలీవియా కొండలలో వేల ఏళ్లుగా వేలాది స్థానిక రకాలను రైతులు సాగుచేస్తూ వస్తున్నారు, ఊదా కండ దుంపలు అక్కడ కొత్త కాదు. అయితే భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఆ కొండలలో ఏడాది పొడవునా పగలు సుమారు 12 గంటలే ఉంటుంది. ఆ సంతతి దుంపలు పొడవైన వేసవి పగళ్లలో ఆకు మీదే శక్తి పెట్టి, పగలు కురచ అవుతున్నప్పుడు గానీ దుంప మీదికి రావు. అందుకే పర్పుల్ పెరూవియన్ అమెరికా పెరళ్లలో 100 నుంచి 120 రోజులు పడుతుంది, మొక్క పొడవుగా పెరుగుతుంది, దుంపలు సన్నగా, కళ్లతో గతుకులుగా ఉంటాయి. తోలుతోనే కాల్చి తినేవారికి రుచి బాగుంటుంది. తోలు తీసి తరిగే మన వంటకు ఇది శ్రమే ఎక్కువ. కాలిఫోర్నియా తీరప్రాంతం వంటి సమశీతోష్ణ చోట్ల, స్థలం మిగులు ఉన్నవారు మాత్రమే దీని జోలికి వెళ్లాలని నా సలహా.

వంటింటి పోలిక

ఆంథోసయనిన్లు పులుపు తగిలితే ఎర్రబారుతాయి, సోడా తగిలితే నీలి ఆకుపచ్చకు తిరుగుతాయి. ఊదా దుంపను చింతపండు పులుసులో వేస్తే ముక్క ముదురు గులాబీ రంగుకు వస్తుంది, పులుసు కూడా ఆ రంగు పట్టుకుంటుంది. చూడటానికి అందంగానే ఉంటుంది. అదే దుంపతో మసాలా దోశలోకి పసుపు వేసి కూర చేస్తే పసుపూ, నీలమూ కలిసి మట్టి రంగు వస్తుంది. రుచికి ఏ లోటూ లేదు, కానీ పిల్లలు పళ్లెం జరిపేయడానికి ఆ రంగు చాలు. ఆ కూరకు పర్పుల్ వైకింగ్ లేదా హకిల్‌బెరీ గోల్డ్ వాడితే ఈ ఇబ్బంది రాదు. ఊదా కండ దుంపతోనే చేయాలనుకుంటే పసుపు మానేసి, ఆవాలు, పచ్చిమిర్చి, అల్లం, ఉల్లి వేసి, దించాక నిమ్మరసం పిండితే రంగు తేట పడుతుంది.

ఉడకబెట్టేటప్పుడు తోలుతో, ముక్కలు చేయకుండా, తక్కువ నీటిలో లేదా ఆవిరి మీద ఉడికించాలి. రంగు నీటిలో కరిగేది కాబట్టి ముక్కలు కోసి ఎక్కువ నీటిలో మరిగిస్తే సగం అందం నీటితో పాటే పోతుంది. నూనెలో వేయించినప్పుడు, ఓవెన్‌లో కాల్చినప్పుడు ఆ నష్టం తక్కువ.

ఆరోగ్యం విషయంలో అతిగా ఆశలు పెట్టుకోవద్దు. పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ విశ్వవిద్యాలయానికి చెందిన జో విన్సన్ బృందం 2011లో వెల్లడించిన ఒక చిన్న అధ్యయనంలో, రక్తపోటు ఎక్కువగా ఉన్న 18 మంది నెల రోజుల పాటు మైక్రోవేవ్‌లో ఉడికించిన ఊదా దుంపలు తిన్నప్పుడు రక్తపోటు కొంత తగ్గింది. పాల్గొన్నవారు మరీ కొద్దిమంది. పైగా వారు తిన్నది నూనె లేకుండా ఉడికించిన దుంప. వేపుడుకు ఆ ఫలితాన్ని అంటగట్టలేము, మందులకు బదులుగా దీన్ని భావించకూడదు.

నేలా, గ్రో బ్యాగా

పెరటి నేల వదులుగా, నీరు నిలవకుండా ఉండి, ఉదజని సూచిక (pH) 5 నుంచి 6.5 మధ్య ఉంటే నేలలోనే వేయడం మేలు. బంకమట్టి నేలలో దుంప వంకర పోతుంది, తవ్వేటప్పుడు తెగుతుంది. అటువంటి చోట 10 నుంచి 15 గ్యాలన్ల గుడ్డ గ్రో బ్యాగ్ వాడవచ్చు. 10 గ్యాలన్ల సంచిలో రెండు, మహా అయితే మూడు ముక్కలు చాలు. గ్రో బ్యాగ్ వేసవిలో నేల కంటే తొందరగా వేడెక్కుతుంది, తొందరగా ఆరుతుంది, కాబట్టి అందులో ఆలస్యపు రకాలు పెట్టవద్దు. అడిరాండక్ బ్లూ, పర్పుల్ మెజెస్టీ, కరీబ్ వంటివే నప్పుతాయి.

మన పెరళ్లలో ఇంకొక చిక్కు ఉంది. టమాట, వంకాయ, మిరప లేని తెలుగువారి తోట అరుదు, ఇవన్నీ బంగాళాదుంపకు దాయాదులే. తెగుళ్లు, కొలరాడో పెంకు పురుగు ఒకదాని నుంచి మరొకదానికి పాకుతాయి. మూడేళ్లకు ఒకసారి మాత్రమే అదే మడిలో దుంప వేసేలా మార్చుకోవాలి. నిరుడు వంకాయ ఉన్న మడిలో ఈసారి దుంప వేయకూడదు. స్థలం చిన్నదైతే ఈ ఒక్క కారణానికే గ్రో బ్యాగ్ ఎంచుకోవడం సబబు. ఆకు అడుగున నారింజ రంగు గుడ్లు గుంపుగా కనిపిస్తే అప్పటికప్పుడే నలిపివేయాలి.

రంగు దుంపలతో ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసింది పచ్చబడటం విషయంలో. ఏ బంగాళాదుంపైనా ఎండ సోకితే పచ్చబడుతుంది, దానితో పాటు సొలనిన్ వంటి చేదు విషపదార్థాలు పెరుగుతాయి. తెల్ల దుంపలో ఆ పచ్చదనం చూడగానే తెలుస్తుంది, ముదురు ఊదా తోలు దాన్ని కప్పేస్తుంది. కాబట్టి మొక్క 15 నుంచి 20 సెంటీమీటర్లు పెరగగానే ఒకసారి, మరి రెండు మూడు వారాలకు ఇంకొకసారి మొదలు చుట్టూ మట్టి ఎగదోసి బోదె కట్టాలి, పైన గడ్డి లేదా ఎండుటాకు పరచాలి. అనుమానం ఉన్న దుంపను కొనగోటితో గీరి చూస్తే తోలు కింద పచ్చని పొర కనిపిస్తుంది. ఉడికాక నాలుకకు చేదు తగిలితే పారవేయాలి. తవ్వేటప్పుడు కూడా ఈ దుంపలు నల్లని మట్టిలో మట్టిపెళ్లలా కలిసిపోతాయి, మబ్బు పట్టిన సాయంత్రం తవ్వితే చాలా దుంపలు నేలలోనే ఉండిపోతాయి. మంచి వెలుతురులో తవ్వి, చేత్తో మట్టి దేవి చూడాలి.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో

ఇక్కడ పైన చెప్పిన అమెరికా రకాల విత్తనం మీద ఆశ పెట్టుకోనవసరం లేదు. సిమ్లాలోని కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ రూపొందించిన కుఫ్రీ నీలకంఠ్ తోలు ముదురు ఊదా, కండ లేత పసుపు. 90 నుంచి 100 రోజుల పంట. అదే సంస్థ నుంచి తర్వాత వచ్చిన కుఫ్రీ జమునియాలో కండ కూడా ఊదాయే. ఇవి ప్రధానంగా ఉత్తర భారత మైదానాలకు ఉద్దేశించినవి, అయినా శీతాకాలం సరిగా ఉన్న చోట ఇంటి స్థాయిలో ప్రయత్నించవచ్చు. జహీరాబాద్, సంగారెడ్డి వైపు, అటు మదనపల్లె, పలమనేరు వైపు బంగాళాదుంప సాగు ఎప్పటి నుంచో ఉంది కాబట్టి అక్కడి పెరటివారికి అవకాశం ఎక్కువ. హైదరాబాద్‌లో మిద్దెతోట వేసేవారు అక్టోబరు చివర నుంచి నవంబరు నడుమలోపు నాటితే డిసెంబరు, జనవరి చలి రాత్రులు దుంప ఊరే సమయానికి అందుతాయి. డిసెంబరులో నాటితే ఫిబ్రవరి ఎండ మధ్యలోనే పట్టుకుంటుంది. ఈ రెండు కుఫ్రీ రకాలలో మిద్దె మీదికి నీలకంఠ్‌నే ఎంచుకోమంటాను, మన కూరలకు దాని కండ ఎక్కువ కలిసివస్తుంది.

విజయవాడ, కాకినాడ వంటి కోస్తా ఊళ్లలో రాత్రులు తగినంత చల్లబడవు. అక్కడ ఊదా దుంపే కావాలనుకునేవారు బంగాళాదుంపతో పోరాడే కంటే ఊదా కండ పెండలం నాటుకోవడం తెలివైన పని. అది వేడికి తట్టుకుంటుంది, తొలకరికి నాటితే సంక్రాంతి నాటికి తవ్వుకోవచ్చు, వేపుడుకు, పులుసుకు చక్కగా పనికివస్తుంది. తీగ పాకడానికి దానికి పందిరి మాత్రం కావాలి.

విత్తనం కొనేటప్పుడు

కిరాణా దుకాణంలో కొన్న ఊదా దుంపను నాటి చూడాలని చాలామందికి అనిపిస్తుంది. వాటికి మొలక రాకుండా క్లోర్‌ప్రోఫామ్ వంటి మందు కొట్టి ఉండవచ్చు, వైరస్ తెగుళ్లు లేవన్న హామీ కూడా ఉండదు. ధ్రువీకరించిన విత్తన దుంపలే కొనాలి. పెద్ద దుంపను రెండేసి కళ్లు ఉండేలా 40 నుంచి 60 గ్రాముల ముక్కలుగా కోసి, నీడలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి, కోత మీద పొర కట్టాక 10 సెంటీమీటర్ల లోతులో నాటాలి. పండిన వాటిలోంచి విత్తనం దాచుకోవడం ఒకటి రెండు సార్లకు పరవాలేదు, ఆపైన వైరస్ పేరుకుని కాపు తగ్గుతుంది.

భారతదేశం నుంచి అమెరికాకు గానీ, అక్కడి నుంచి ఇక్కడికి గానీ విత్తన దుంపలను సూట్‌కేసులో పెట్టుకుని రావద్దు. రెండు దేశాలలోనూ మొక్కల క్వారంటీన్ నిబంధనలు దీన్ని అనుమతించవు, విమానాశ్రయంలో పట్టుకుంటారు. అంతకంటే ముఖ్యంగా, ఒక్క తెగులు దుంపతో చుట్టుపక్కల రైతుల పంటకే ముప్పు రావచ్చు. అమెరికాలో రంగు రకాల విత్తనం త్వరగా అయిపోతుంది కాబట్టి డిసెంబరు, జనవరిలోనే ఆర్డరు పెట్టి, మీ ఊరి నాటే తేదీకి పంపమని రాయించుకుంటే, అనుకున్న రకమే అనుకున్న సమయానికి చేతికి వస్తుంది.